రిపోర్టు నార్మల్ అనుకున్నాం, తెల్లారేసరికి ఐసీయూ

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 71 ఏళ్లు. షుగర్ ఉంది. పోయిన ఆదివారం సాయంత్రం ఏడింటికి ఉన్నట్టుండి చలి, వణుకు వచ్చాయి. 'రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదురా, మంచం కూడా ఊగింది' అంది అమ్మ. జ్వరం 102. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్‌కు ఫోన్ చేశాను. రాత్రి పదింటికి శాంపిల్ ఇచ్చాం. పన్నెండున్నరకు రిపోర్టు ఫోన్‌లోకి వచ్చింది. సీఆర్‌పీ 9, తెల్లకణాలు 6,200. అన్నీ దాదాపు నార్మలే, కంగారు లేదని ఇంట్లో అందరికీ నేనే చెప్పి, పారాసిటమాల్ వేసి పడుకోబెట్టాను. పొద్దున లేచేసరికి నాన్న తేడాగా మాట్లాడుతున్నారు. నన్ను మా బాబాయి పేరుతో పిలిచారు. ఆసుపత్రికి చేరేసరికి పదకొండయింది. బీపీ 86/50, సీఆర్‌పీ 126, ప్రోకాల్సిటోనిన్ 22. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందనీ, సెప్సిస్ అనీ చెప్పి ఐసీయూలో పెట్టారు. దేవుడి దయ వల్ల కోలుకుంటున్నారు. శుక్రవారం వార్డుకు మార్చారు, పేపర్ అడిగి చదువుకుంటున్నారు. నన్ను తినేస్తున్న సంగతులు మూడు. ఒకటి, ఆ రాత్రి ల్యాబ్ తప్పు చేసిందా, నేను చేశానా? రెండు, శుక్రవారం సీఆర్‌పీ ఇంకా 92 ఉంది. టెన్షన్ పట్టలేక శనివారం బయట ల్యాబ్‌లో చేయిస్తే 6.4 అని వచ్చింది. ఏది నమ్మాలి? పైగా ప్రోకాల్సిటోనిన్ ఇంకా 5 ఉండగానే ఏడు రోజులకు యాంటీబయాటిక్ ఆపేస్తామంటున్నారు. తొందరపడుతున్నారా? మూడు, ఇదంతా జరుగుతుండగా మా ఆరేళ్ల పాపకు జ్వరం వచ్చింది. సీఆర్‌పీ 34. డాక్టర్ యాంటీబయాటిక్ అక్కర్లేదన్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. (పేరు వద్దన్నారు)

సమాధానం: నాన్నగారు పేపర్ అడిగారని చదవగానే నాకు సగం బరువు దిగింది. మీకూ దిగాలి. మందు పనిచేస్తోందని చెప్పడానికి నా దగ్గర ఉన్న పరీక్షలన్నింటిలోకీ అదే పెద్దది. ఇక వరుసగా వద్దాం.

ల్యాబ్ తప్పు చేయలేదు. ఆదివారం రాత్రి పదింటికి నాన్నగారి రక్తంలో సీఆర్‌పీ నిజంగానే 9 ఉంది. ఉన్నది ఉన్నట్టే చెప్పారు. తేడా ఎక్కడొచ్చిందంటే, 'ఇన్ఫెక్షన్ ఉందా లేదా' అన్నది మీ ప్రశ్న. ఆ గంటలో సీఆర్‌పీకి ఆ ప్రశ్నకు జవాబు చెప్పే శక్తి లేదు.

సీఆర్‌పీ అంటే సి-రియాక్టివ్ ప్రొటీన్. దాన్ని బ్యాక్టీరియా తయారుచేయదు, మన కాలేయం తయారుచేస్తుంది. ఒంట్లో ఎక్కడో బ్యాక్టీరియా చొరబడుతుంది. అక్కడి రక్షణ కణాలు దాన్ని గుర్తుపట్టి కొన్ని రసాయనాలు వదులుతాయి. వాటిలో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-6. అది రక్తంలో కలిసి కాలేయానికి చేరాక, అప్పుడు కాలేయం ఈ ప్రొటీన్ తయారీ మొదలుపెడుతుంది. రక్తంలో చెప్పుకోదగ్గంత పెరగడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. శిఖరానికి చేరేది ఒకటిన్నర, రెండు రోజులకు. మీరు శాంపిల్ ఇచ్చింది వణుకు మొదలైన మూడు గంటలకు. పొద్దున పేపర్లో రాత్రి పదింటి సంగతులు ఉంటాయి గానీ తెల్లవారుజాము సంగతులు ఉండవు కదా. మీ చేతికొచ్చింది అలాంటి పేపరే. నాన్నగారికి వణుకు రాకముందు ఒంట్లో ఏముందో ఆ 9 చెప్పింది.

తెల్లకణాల సంగతీ అంతే. 4,000 నుంచి 11,000 మధ్య ఉంటే నార్మల్ అని రాస్తారు కాబట్టి 6,200 చూసి ఎవరైనా ఊరట పడతారు. కానీ ఉధృతమైన ఇన్ఫెక్షన్ మొదటి గంటల్లో తెల్లకణాలు రక్తంలోంచి రక్తనాళాల గోడలకు అతుక్కుని, ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి తరలిపోతాయి. ఉన్నవి అటు పోతుంటే, కొత్తవి ఎముక మజ్జలోంచి ఇంకా దిగుతుంటాయి. ఆ సంధిలో లెక్కపెడితే మొత్తం మామూలుగానే కనిపించొచ్చు, తక్కువగానూ ఉండొచ్చు. 4,000 కంటే పడిపోతే అది 15,000 కంటే ఎక్కువ భయపెట్టాల్సిన సంగతి. ఆ రాత్రి రిపోర్టు ఫోన్‌లో ఇంకా ఉంటే ఒకసారి తీసి, కింద చిన్న అక్షరాల్లో స్మియర్ గురించి, అంటే రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూసిన దాని గురించి, ఏమైనా రాశారేమో చూడండి. 'బ్యాండ్ ఫామ్స్' అనే మాట, పక్కన 10 శాతం దాటిన అంకె ఉంటే, పూర్తిగా ఎదగని కణాలను కూడా మజ్జ అత్యవసరంగా పంపేస్తోందని అర్థం. పైన ఉన్న మొత్తం నార్మల్‌గా ఉన్నా సరే. దాన్ని తవ్వి బాధపడమని చెప్పడం లేదు. ఇలాంటి రిపోర్టు ఇంకొకరి చేతికి వస్తే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మరి ఆ రాత్రి నమ్మదగ్గ రిపోర్టే లేదా అంటే, ఉంది. అది అమ్మగారి నోటి మాట. 'మంచం ఊగింది.' జ్వరంలో చలి వేయడం వేరు, పళ్లు కొట్టుకుంటూ, దుప్పట్లు కప్పినా ఆగకుండా ఒళ్లంతా ఎగిరిపడే వణుకు వేరు. రెండోది వచ్చిందంటే బ్యాక్టీరియా రక్తంలోకి దిగిందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. మలేరియా లాంటివి కూడా అలాగే వణికిస్తాయి. అదీ ఇంట్లో తేల్చుకునే జబ్బు కాదు. 71 ఏళ్ల వయసు, షుగర్, అలాంటి వణుకు. ఈ మూడూ కలిసిన మనిషిని సీఆర్‌పీ ఎంతున్నా ఆ రాత్రే డాక్టర్ చూడాలి.

ఆ రాత్రే తీసుకెళ్లి ఉంటే ఐసీయూ తప్పేదా అని మీరు అడగలేదు గానీ అడగాలనుకున్నది అదేనని తెలుస్తోంది. తప్పి ఉండొచ్చు. మీకు అబద్ధం చెప్పను. సెప్సిస్‌లో గంటలకు విలువ ఉంది. కానీ మీరు నిర్లక్ష్యం చేసి పడుకోలేదు. రాత్రి పదింటికి రక్తం తీయించి, నిద్ర మానుకుని కాగితం కోసం కూర్చున్నారు. ఆ కాగితం మీద ఉండాల్సిన దానికన్నా ఎక్కువ నమ్మకం పెట్టుకున్నారు. ఆ తప్పు డాక్టర్లు కూడా చేస్తారు. నేనూ చేశాను.

చదువు పూర్తయిన రెండో ఏడు. నైట్ డ్యూటీలో ఉండగా ఒక పెద్దావిడను చేర్చారు. నడుము నొప్పి, నీరసం. జ్వరం లేదు. సీఆర్‌పీ 7 వచ్చింది. కేస్ షీట్‌లో 'ఇన్ఫెక్షన్ సూచనలు లేవు' అని దర్జాగా రాసి సంతకం పెట్టాను. పొద్దున రౌండ్స్‌కు వచ్చిన మా పెద్ద డాక్టర్ షీట్ తెరవలేదు. ఆవిడ పొట్ట మీద చెయ్యి ఆనించి గోడ గడియారం వైపు చూస్తూ నిమిషం పాటు నిలబడ్డారు. తర్వాత నా వైపు తిరిగి, 'శ్వాస ఎంత రాశావు?' అన్నారు. 18 అని రాశాను. లెక్కపెట్టి రాసింది కాదది. అందరూ 18 రాస్తారు, నేనూ రాశాను. ఆయన లెక్కకు 34 వచ్చింది. మధ్యాహ్నానికి ఆవిడ ఐసీయూలో ఉంది. సీఆర్‌పీ 190. రెండు వారాల తర్వాత ఇంటికి వెళ్లింది గానీ, ఆ 18 నన్ను వదల్లేదు. ఇప్పటికీ ఎవరి ఊపిరినైనా గడియారం చూసి లెక్కపెట్టాకే రాస్తాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ బాగా ముదరడం అనుకుంటారు చాలామంది. 2016లో అంతర్జాతీయ నిపుణులు కూర్చుని దానికి కొత్త నిర్వచనం రాశారు. ఇన్ఫెక్షన్‌ను ఎదిరించడంలో శరీరం అదుపు తప్పి, తన అవయవాలను తానే దెబ్బతీసుకుని ప్రాణం మీదికి తెచ్చుకోవడమే సెప్సిస్. అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో లెక్కేయడానికి ఆరు విషయాలు చూస్తారు. ఊపిరితిత్తులు ఆక్సిజన్ ఎలా అందిస్తున్నాయి, బీపీ ఎంత, స్పృహ ఎలా ఉంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాలేయం సంగతి చెప్పే బిలిరుబిన్, రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు. ఈ ఆరింటిలో సీఆర్‌పీ లేదు, ప్రోకాల్సిటోనిన్ లేదు, తెల్లకణాలు కూడా లేవు. నాన్నగారు మిమ్మల్ని బాబాయి పేరుతో పిలిచిన క్షణానికి ఆ లెక్కలో చోటుంది. పక్కనున్న 126కు లేదు.

అలాగని 126 దండగ అనను. నిప్పు లేనిదే పొగ రాదు. ఎక్కడో ఏదో కాలుతోందని సీఆర్‌పీ చెబుతుంది. ఏ నిప్పో చెప్పలేదు. ఆపరేషన్ జరిగిన రెండో రోజు ఏ ఇన్ఫెక్షన్ లేకుండానే 150 చూపిస్తుంది. కీళ్లవాతం, గౌట్, గుండెపోటు, పాంక్రియాస్ వాపు, కొన్ని క్యాన్సర్లు, కాలిన గాయాలు, అన్నింటిలోనూ పెరుగుతుంది. తక్కువ ఉన్నా మోసమే ఒక్కోసారి. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లలో దాన్ని తయారుచేసే కార్ఖానాయే సరిగా నడవదు. కీళ్లవాతానికి టోసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్ తీసుకునేవాళ్లలో ఇంటర్‌ల్యూకిన్-6 సందేశం కాలేయానికి చేరదు. కాబట్టి లోపల చీము పట్టినా సీఆర్‌పీ చల్లగా కూర్చుంటుంది. అలాంటి మందు వాడేవాళ్లు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా మొదట ఆ మాటే చెప్పాలి.

ఈఎస్‌ఆర్ గురించి, అంటే ఎర్రకణాలు ఎంత వేగంగా అడుగుకు దిగుతాయో చూసే పాత పరీక్ష గురించి, మీరు అడగలేదు, మంచిదైంది. అది పెరగడానికి రోజులు, దిగడానికి వారాలు పడుతుంది. వయసుతో, రక్తహీనతతో కూడా పెరుగుతుంది. దీర్ఘకాలపు జబ్బుల్లో దాని పని దానికుంది. ఇలాంటి రాత్రికి అది ఎడ్లబండి.

ప్రోకాల్సిటోనిన్ కథ కొంచెం వేరు. మామూలు రోజుల్లో ఇది థైరాయిడ్ గ్రంథిలోని కొన్ని కణాల్లో తయారై, కాల్సిటోనిన్ అనే హార్మోన్‌గా మారిపోతుంది. రక్తంలోకి దాదాపు రాదు. 1993లో ఫ్రాన్స్ పరిశోధకులు తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉన్న రోగుల్లో ఇది విపరీతంగా పెరుగుతోందని గమనించారు. విచిత్రమేమిటంటే థైరాయిడ్ తీసేసినవాళ్లలోనూ పెరుగుతుంది. బ్యాక్టీరియా విషాలు తగిలితే కాలేయం, ఊపిరితిత్తులు, కొవ్వు, ఇలా ఒంట్లో ఎక్కడెక్కడి కణాలో దీన్ని తయారుచేయడం మొదలుపెడతాయి. ఇది సీఆర్‌పీ కంటే ముందే కదులుతుంది. మూడు నాలుగు గంటల్లో పెరగడం మొదలై ఒక రోజులోపు శిఖరానికి చేరుతుంది. వైరస్ ఇన్ఫెక్షన్లలో శరీరం ఇంటర్‌ఫెరాన్ గామా అనే మరో రసాయనాన్ని వదులుతుంది. అది ప్రోకాల్సిటోనిన్ తయారీని అణిచిపెడుతుంది. అందుకే ఇది ఎక్కువగా ఉంటే బ్యాక్టీరియా వైపు మొగ్గు చూపుతాం.

మొగ్గు అన్నాను, తీర్పు అనలేదు. మలేరియాలో పెరుగుతుంది. పెద్ద ఆపరేషన్, పెద్ద దెబ్బ, గుండె ఆగి మళ్లీ కొట్టుకోవడం, కిడ్నీ వైఫల్యం, వీటిలోనూ పెరుగుతుంది. పుట్టిన మొదటి రెండు రోజుల్లో ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డలో కూడా ఎక్కువే ఉంటుంది. మరోవైపు, ఒకచోట గోడకట్టుకుని కూర్చున్న చీముగడ్డలో అంకె చిన్నదిగానే ఉండిపోవచ్చు. అందుకే 2021లో వచ్చిన అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా వద్దా అన్నది ప్రోకాల్సిటోనిన్ చూసి నిర్ణయించొద్దని సూచించాయి. మనిషి షాక్‌లో ఉంటే, అంటే బీపీ పడిపోయి అవయవాలకు రక్తం సరిగా అందకపోతే, గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. షాక్ లేకుండా అనుమానం మాత్రమే ఉంటే త్వరగా పరీక్షలు చేసి, అనుమానం తీరకపోతే మూడు గంటల్లోపు ఇవ్వాలి. వీలైతే అంతకు ముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయాలి, దానికోసం మందు ఆలస్యం చేయకుండా. మీ ఉత్తరంలో కల్చర్ మాట లేదు. తప్పకుండా చేసే ఉంటారు. ఏ బ్యాక్టీరియా పెరిగింది, ఏ మందులకు లొంగుతుంది అన్నది ఆ ఒక్క కాగితమే చెప్పగలదు. దాని గురించి అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు మీ రెండో సంగతి. ముందు ఆ 6.4 లెక్క తేల్చేద్దాం.

రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకోండి. అంకె చూడకండి, అంకె పక్కనున్న ప్రమాణం చూడండి. ఆసుపత్రి కాగితం మీద 'లీటరుకు మిల్లీగ్రాములు' అని ఉంటుంది. బయటి ల్యాబ్ కాగితం మీద 'డెసిలీటరుకు మిల్లీగ్రాములు' అని ఉండి తీరాలి. డెసిలీటర్ అంటే లీటరులో పదో వంతు. కాబట్టి అక్కడి 6.4 ఇక్కడ 64 అవుతుంది. ఆ పక్కనే ఉండే నార్మల్ గడి చూసినా తెలిసిపోతుంది. ఒకదాంట్లో 5 లోపు అని ఉంటే, రెండోదాంట్లో 0.5 లోపు అని ఉంటుంది. శుక్రవారం 92, శనివారం 64. రెండు ల్యాబులూ ఒకే కథ చెబుతున్నాయి, అదీ మంచి కథే. ఈ పొరపాటు రోజూ చూస్తుంటాను. ఎక్కువమంది మీలాగే సంతోషపడేవైపు పొరబడతారు. ఒకసారి ఒకాయన తల్లికి 11 నుంచి 85 అయిందని ఏడుస్తూ వచ్చారు. చూస్తే మొదటిది డెసిలీటర్, రెండోది లీటర్. అంటే 110 నుంచి 85కు దిగింది. ఒకే ల్యాబ్‌లో, ఒకే ప్రమాణంలో చేయించుకుంటేనే పోల్చడానికి అర్థం ఉంటుంది.

'ఇంకా 92 ఉంది' అన్నారు కదా, అందులో 'ఇంకా' అన్న మాటే మిమ్మల్ని బాధపెడుతోంది. నిజానికి అది మీకు ధైర్యం ఇవ్వాలి. సీఆర్‌పీకి ఒక చక్కటి గుణం ఉంది. రక్తంలో చేరిన సీఆర్‌పీ సుమారు 19 గంటలకు సగమవుతుంది. జబ్బు ఏదైనా, మనిషి ఎవరైనా ఈ వేగం దాదాపు మారదు. అంటే అంకె ఎంత ఉందన్నది తయారీ మీదే ఆధారపడుతుంది. కుళాయి కట్టేసినా తొట్టి ఒక్కసారిగా ఖాళీ కాదు, తూము గుండా తన వేగంతో తాను దిగాలి. సాధారణంగా రెండో రోజుకో మూడో రోజుకో 200 దాటి శిఖరం ఎక్కే కేసు ఇది. నాన్నగారి కాగితాల్లో మంగళ, బుధవారాల అంకెలు చూడండి, 126 కంటే బాగా ఎక్కువే ఉంటాయి. మందు మొదలుపెట్టాక కూడా పెరిగిందని అప్పుడు మీరు హడలిపోయి ఉంటారు కూడా. అది మందు పనిచేయకపోవడం కాదు, వెనకబడి వచ్చే అంకె తీరే అంత. అక్కడి నుంచి శుక్రవారానికి 92కు, శనివారానికి 64కు వచ్చిందంటే కుళాయి చాలావరకు కట్టేసినట్టే.

చిన్న పిట్టకథ. సీఆర్‌పీని 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ కనిపెట్టారు. న్యుమోనియా రోగుల రక్తరసంలో న్యుమోకాకస్ బ్యాక్టీరియా తాలూకు ఒక పదార్థాన్ని కలిపితే తెల్లగా అడుగున పేరుకుంది. ఆ పదార్థానికి 'సి' అని పేరు పెట్టుకున్నారు, సి-రియాక్టివ్‌లో సి అదే. జబ్బు తగ్గినవాళ్ల రక్తంతో చేస్తే ఆ తెలుపు కనిపించలేదు. యాంటీబయాటిక్స్ ఇంకా రాని కాలం అది. పుట్టినప్పటి నుంచీ ఈ పరీక్ష కోలుకోవడాన్ని కూడా చూపిస్తూనే ఉంది. మనమే పెరిగిందా అని చూడటం ఎక్కువ చేశాం.

ఇక యాంటీబయాటిక్ ఆపే సంగతి. ప్రోకాల్సిటోనిన్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. ఇది సుమారు ఒక రోజుకు సగమవుతుంది. ఆపే ముందు చూసే కొలమానం ఒకటుంది. శిఖరం నుంచి కనీసం 80 శాతం దిగాలి, లేదా 0.5 కంటే తగ్గాలి. రెండింటిలో ఏదైనా ఒకటి చాలు. సోమవారం 22 అన్నారు. శిఖరం అంతకంటే పైనే ఉండొచ్చు. తక్కువలో తక్కువ 22నే శిఖరం అనుకున్నా, 5 అంటే 77 శాతం దిగినట్టు. అదీ శుక్రవారానికే. ఇదే వేగంతో దిగితే ఏడో రోజుకు ఆ గీత దాటేస్తుంది. కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నవాళ్లలో ఇది నెమ్మదిగా దిగుతుంది, కాబట్టి అంకె కాస్త వెనకబడినా బెంబేలు పడక్కర్లేదు. 'నార్మల్ 0.05 కదా, 5 అంటే వంద రెట్లు' అని లెక్కేయకండి. ఇక్కడ చూడాల్సింది ఎక్కడి నుంచి ఎక్కడికి దిగిందన్నది.

డాక్టర్లు తొందరపడటం లేదనడానికి గట్టి ఆధారాలున్నాయి. నెదర్లాండ్స్ ఐసీయూల్లో 1,500 మందికి పైగా రోగుల మీద జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. ప్రోకాల్సిటోనిన్ చూసుకుంటూ ఆపినవాళ్లలో యాంటీబయాటిక్ సగటున 5 రోజులు వాడితే, మామూలు పద్ధతిలో 7 రోజులు వాడారు. తొందరగా ఆపినందుకు ఎక్కువమంది చనిపోలేదు సరికదా, 28 రోజుల్లో మరణాలు ఆ వైపే తక్కువ ఉన్నాయి. 2024 చివర్లో బ్రిటన్ నుంచి 2,760 మందితో మరో అధ్యయనం వచ్చింది. అందులో రోజూ ప్రోకాల్సిటోనిన్ చూసినవాళ్లకు యాంటీబయాటిక్ వాడకం దాదాపు ఒక రోజు తగ్గింది, ప్రాణానికి ముప్పు పెరగలేదు. సీఆర్‌పీ చూసినవాళ్లకు ఏమీ తగ్గలేదు. ఆపే నిర్ణయానికి సీఆర్‌పీని నమ్ముకుని, ఐదుకు దిగేదాకా మందు కొనసాగించమని పట్టుబట్టొద్దని అందుకే అంటున్నాను. ఇక రక్తంలో బ్యాక్టీరియా ఉన్నవాళ్లకు 7 రోజుల మందు, 14 రోజుల మందుకు తీసిపోదని 3,600 మందికి పైగా పాల్గొన్న మరో అంతర్జాతీయ అధ్యయనం 2024లోనే తేల్చింది. స్టాఫ్ ఆరియస్ అనే మొండి బ్యాక్టీరియాను, గుండె కవాటాలకు పట్టే ఇన్ఫెక్షన్లను అందులో కలపలేదు. వాటికి ఎక్కువ రోజులే కావాలి. కల్చర్ రిపోర్టు అడగమన్నది ఇందుకు కూడా.

ఎక్కువ రోజులు వాడితే పోయేదేముంది అంటారేమో. విరేచనాలు పట్టుకుంటాయి, కిడ్నీల మీద భారం పడుతుంది, మందుకు లొంగని బ్యాక్టీరియా పేగుల్లో బలపడుతుంది. మళ్లీ ఎప్పుడైనా అవసరం పడ్డప్పుడు ఈ మందు పనిచేయాలి కదా.

నేను మీ స్థానంలో ఉంటే డాక్టర్‌ను అడిగేది ఒక్కటే. మూత్రం దారిలో రాయి గానీ, అడ్డు గానీ ఉందేమో స్కానింగ్‌లో చూశారా? అడ్డు ఉండిపోతే ఎంత మంచి మందైనా తాత్కాలికమే. దిగుతూ దిగుతూ ఉన్న సీఆర్‌పీ మళ్లీ ఎక్కడం మొదలుపెడితే అప్పుడు అనుమానించాలి. ఎక్కడైనా చీము పట్టిందా, చేతికున్న సెలైన్ సూది దగ్గర ఎర్రబడిందా, ఊపిరితిత్తుల్లో కొత్త ఇన్ఫెక్షన్ వచ్చిందా అని వెతుకుతారు. ఒక్క అంకె కాస్త పైకి పోతే కాదు, మనిషి కూడా నలతగా కనిపిస్తుంటే.

పాప సంగతి. 34 చూసి నాన్నగారి 126లో నాలుగో వంతు అని లెక్కేశారు కదూ? ఆ లెక్క కుదరదు. అడినోవైరస్ లాంటి కొన్ని వైరస్‌లు పిల్లల్లో సీఆర్‌పీని ఇంకా పైకి కూడా తీసుకెళ్తాయి. 20కీ 100కీ మధ్య ఉన్న అంకె ఎటూ చెప్పదు. అక్కడ పాపను చూసిన డాక్టర్ కళ్లే పెద్ద పరీక్ష. జ్వరం దిగిన గంటలో ఆడుకుంటోందా, నీళ్లు తాగుతోందా, మూత్రం మామూలుగా పోస్తోందా, అది చూడండి. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసినా, మగతగా ఉండి పిలిస్తే సరిగా పలక్కపోయినా, ఒంటి మీద నొక్కినా పోని మచ్చలు వచ్చినా, మళ్లీ సీఆర్‌పీ చేయించకుండా నేరుగా తీసుకెళ్లండి. మూడు నెలల లోపు పసివాళ్లకు జ్వరమొస్తే ఈ మాటలేవీ వర్తించవు, వెంటనే చూపించాల్సిందే.

ఇంటికొచ్చాక నాన్నగారికి రోజు మార్చి రోజు సీఆర్‌పీ చేయించకండి. అలా చేయిస్తే ఏదో ఒక రోజు 8కి బదులు 14 వచ్చి మళ్లీ మీ నిద్ర పోగొడుతుంది. నీరసం, మతిమరుపు, పీడకలలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉండొచ్చు. సెప్సిస్ నుంచి బయటపడ్డ చాలామందిలో ఇది మామూలే, ఆయనకు ఆ మాట ముందే చెప్పండి. చెప్పకపోతే తనకు పిచ్చెక్కుతోందనుకుంటారు. మొదటి మూడు నెలల్లో మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఎక్కువ. మళ్లీ వణుకు వచ్చినా, మాట తడబడినా, ఊపిరి నిమిషానికి 22 దాటినా, పూట గడిచినా మూత్రం రాకపోయినా ఆసుపత్రికే. లెక్కపెట్టడం తేలిక. ఆయన పడుకుని ఉన్నప్పుడు పొట్ట మీద చెయ్యి ఆనించి నిమిషం చూడటమే. చెప్పి లెక్కపెడితే మాత్రం ఊపిరి తీరు మారిపోతుంది, నాడి చూస్తున్నట్టు నటించండి.

వెళ్లేటప్పుడు 'పోయిన నెల సెప్సిస్ వచ్చింది' అన్న మాట గేటు దగ్గరే చెప్పండి. ఫైలులో అన్నిటికన్నా పైన కల్చర్ రిపోర్టు ఉండాలి, సీఆర్‌పీ కాగితాలు అడుగున ఉన్నా ఫర్వాలేదు. అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆమె ఏం చూశారో ఆమె నోటితోనే డాక్టర్‌కు చెప్పనివ్వండి.